ఎర్నీ జుహాస్ మార్కుల కాగితం

ఎర్నీ జుహాస్ గురించి నాలుగు పేజీలు రాసిమ్మని ఓటిస్ పెటిగ్రూ ఫోన్ చేసినప్పుడు నాకు ముందు వచ్చింది కోపమే. ఎర్నీ దగ్గర ఫుట్‌బాల్ ఆడినవాళ్లంతా చేరి వచ్చే సెప్టెంబరులో టొలీడోలో వాడికి విందు చేస్తున్నారట. యాభై ముగ్గురు వస్తామన్నారట. ఆ రోజు చేతికొకటి ఇవ్వడానికి చిన్న పుస్తకం వేస్తున్నారు, అందులో వాడి జీవితం ఎవరో ఒకరు రాయాలి. మీకంటే ఎక్కువ కాలం ఆయన్ని చూసినవాళ్లు ఎవరున్నారు కోచ్ అన్నాడు ఓటిస్. ఆ మాట నిజమే. ముప్ఫై అయిదేళ్లు చూశాను. చూసినంత కాలమూ వాడి మీద ఏడుస్తూనే ఉన్నాను.

నా పేరు వాల్ట్ డ్రెషర్. నేనూ ఫుట్‌బాల్ కోచ్‌నే. పైగా ఎర్నీకి ఎన్నడూ అందని హెడ్ కోచ్ పదవిలో రెండేళ్ల పాటు ఉన్నాను. నాకు విందు చేస్తామని ఇంతవరకూ ఎవరూ ఫోన్ చెయ్యలేదు. రాస్తాను గానీ నాకు తోచినట్టు రాస్తాను, తర్వాత మొహం మాడ్చుకోవద్దు అని ఓటిస్‌కి ముందే చెప్పాను. సరేనన్నాడు పిచ్చివాడు.

ఎర్నీ పుట్టింది టొలీడో తూర్పు వైపు, హంగేరీ వాళ్ల వీధుల్లో. తండ్రి గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. వాడు కాలేజీలో బాగానే ఆడాడు గానీ మోకాలు పోయింది. మూడేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, అరవై నాలుగు జూలైలో ఎరీ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గా వచ్చాడు. అదే జూలైలో, అదే సోమవారం నేనూ చేరాను. మా ఇద్దరికీ కలిపి ఒక గది ఇచ్చి మధ్యలో చెక్క పలక అడ్డం పెట్టారు. ఫోన్ మాత్రం ఒకటే. అది వాడి వైపు ఉండేది.

మా అమెరికా ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నడం తక్కువ, చేత్తో విసరడమూ పట్టుకుని పరుగెత్తడమే ఎక్కువ. చూసేవాళ్లకు బంతి విసిరేవాడు తెలుసు, పట్టేవాడు తెలుసు, పట్టుకుని పరుగెత్తేవాడు తెలుసు. వాళ్ల ముందు నేలకు వంగి నిలబడే ఐదుగురు లావుపాటి మనుషుల పేర్లు వాళ్ల తల్లులకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. వాళ్లనే లైన్ అంటాం. వాళ్లు బంతి ముట్టరు. విసిరేవాడి మీదికి ఎవరూ రాకుండా కాయడం, పరుగెత్తేవాడికి దారి చెయ్యడం, అంతే. ఆ ఐదుగురికీ ఎర్నీ కోచ్. వాళ్లని తోసుకుని లోపలికి దూరి బంతి విసిరేవాణ్ణి కింద పడెయ్యాల్సిన నలుగురికి నేను కోచ్‌ని. అంటే వారంలో ఆరు రోజులు వాడి మనుషులూ నా మనుషులూ తలలు బాదుకోవడమే పని. పేపర్లో ఫొటోలు పడేది నా మనుషులవి. అయినా సాయంత్రం స్నానాలయ్యాక నా నలుగురూ నాలుగు కార్లెక్కి వెళ్లిపోయేవాళ్లు, వాడి ఐదుగురూ వాడి బల్ల చుట్టూ కూచుని నవ్వుతూ ఉండేవాళ్లు. చెక్క పలక ఇవతల నేను ఆ నవ్వులు వింటూ పెన్సిళ్లు చెక్కుకునేవాణ్ణి.

వాడి మార్కుల కాగితం గురించి చెప్పాలి. ఆదివారం ఆట అయ్యాక సోమవారం పొద్దున్నే ఫిల్ము ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, ప్రతి ఎత్తులోనూ, అంటే బంతి కదిలిన ప్రతిసారీ, ప్రతివాడూ తన పని చేశాడా లేదా అని ప్లస్సో మైనస్సో వేస్తారు. ఈ పని అందరు లైన్ కోచ్‌లూ చేసేదే. మనిషికో వరస, ఐదుగురికి ఐదు వరసలు. ఎర్నీ కాగితంలో మాత్రం ఆరో వరస ఉండేది. దానిముందు 'జుహాస్' అని పెన్సిలుతో రాసుకునేవాడు. పిల్లవాడు తప్పు చెయ్యడానికి కారణం తను నేర్పిన తీరేనని తోస్తే ఆ మైనస్ తనకు వేసుకునేవాడు. తొమ్మిదింటికి కాగితం తలుపుకి అంటించేవాడు. ఆ లావుపాటి మనుషులు వచ్చి తమ మార్కులు చూసుకోవడం మానేసి ముందు ఆరో వరస చూసేవాళ్లు. ఈ వారం మీకు పదకొండు మైనస్‌లు కోచ్, వచ్చే ఆదివారం బెంచీ మీద కూచోండి అని ఆట పట్టించేవాళ్లు. వాడు నిజంగానే సిగ్గుపడేవాడు.

నేనూ ఒకసారి నా కాగితంలో ఐదో వరస గీసి 'డ్రెషర్' అని రాశాను. నా నలుగురూ దాన్ని ఎగాదిగా చూశారు. వాళ్లలో ఒకడు, ఇది ఎర్నీ కోచ్ పద్ధతి కదా, మీరూ మొదలెట్టారా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్ల ముందే ఆ కాగితం చింపి పారేశాను.

ఇక గురువారాలు. గురువారం సాయంత్రం ఐదుగురూ ఎర్నీ ఇంట్లో భోజనానికి చేరేవాళ్లు. వాడి భార్య రోజ్‌మేరీ క్యాబేజీ ఆకుల్లో మాంసమూ బియ్యమూ పెట్టి చుట్టి టమాటా పులుసులో ఉడికించేది. మనిషికి పదేసి తినేవాళ్లు. మా ఇల్లు రెండిళ్ల అవతల. నాలుగు గంటల నుంచే ఆ వాసన మా వంటింట్లోకి వచ్చేది. మీవాళ్లను నువ్వూ పిలవకూడదా అంది నా భార్య లోర్నా. పిలిచాను. ఇద్దరే వచ్చారు. ఒకడు గోడ గడియారం చూస్తూ తిన్నాడు. రెండోవాడు భోజనమయ్యాక, మీరేమీ అనుకోకపోతే కాసేపు ఎర్నీ కోచ్ ఇంటికి వెళ్లి పలకరించి వస్తానన్నాడు. వెళ్లమన్నాను. ఆ గిన్నెలు కడిగినంతసేపూ లోర్నా నాతో మాట్లాడలేదు. నవ్వు ఆపుకోవడానికే అనుకుంటాను.

మా వృత్తిలో హెడ్ కోచ్‌ని తీసేస్తే కింద ఉన్న అసిస్టెంట్లం అందరం మూటాముల్లె సర్దుకోవలసిందే, మా తప్పున్నా లేకపోయినా. డెబ్బై రెండు జనవరిలో ఎరీలో అలాగే అందర్నీ పంపేశారు. మోకాలి లోతు మంచు. ఎర్నీ ఇంటి ముందుకి లారీ వచ్చింది. దిగింది కూలీలు కాదు, వాడి ఐదుగురు. పియానోని ఐదుగురూ చేతుల మీద ఎత్తి, మెట్లు దింపి, ఎక్కించేశారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. మా సామాను బండి ఇంకా మూడు రోజులకు గాని రానంది. కళ్లల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో ఆ రోజు నాకు అనుభవమైంది. అంతటితో అయిపోలేదు. గంట తర్వాత ఆ ఐదుగురూ మా తలుపు తట్టారు. మీ సామాను కూడా ఎక్కించమని ఎర్నీ కోచ్ పంపించారు అన్నారు. వాళ్లు మా ఫ్రిజ్ మోసుకెళ్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. థ్యాంక్స్ చెప్పానో లేదో కూడా గుర్తులేదు.

తర్వాత వాడు లూయివిల్ వెళ్తే, రెండేళ్లకు నాకూ అక్కడే ఉద్యోగం దొరికింది. అక్కడా పంపేశారు. మధ్యలో కొన్నాళ్లు వేరువేరు ఊళ్లలో ఉన్నాం. హమ్మయ్య అనుకున్నాను. ఎనభై అయిదులో టొలీడోలో చేరి గది తలుపు తీస్తే, కిటికీ పక్కన మంచి బల్ల దగ్గర ఎర్నీ కూచుని ఉన్నాడు. వాడు నాకు పట్టిన శని. వాడేమో లేచొచ్చి నన్ను కావిలించుకున్నాడు.

ఆ మాటకొస్తే వాడు మంచివాడు కాబట్టి వాడికి ఆశ లేదని అందరూ అనుకునేవాళ్లు. ఉంది. ప్రతి అసిస్టెంట్‌కీ హెడ్ కోచ్ కావాలని ఉంటుంది. నేను డెబ్బైలోనే ఫైలు తయారుచేసి పెట్టుకున్నాను. జట్టు ఇస్తే ఏ రోజు ఏం చేస్తాను, ఎవరిని పనిలో పెట్టుకుంటాను, అన్నీ అందులో ఉండేవి. ఇరవై ఏళ్లుగా ఆ ఫైలు చూపించమని అడిగిన నాథుడు లేడు. తొంభై డిసెంబరులో ఒమాహా జట్టుకి హెడ్ కోచ్ కావలసి వచ్చింది. నేను ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఎర్నీ రాయనే లేదు, ఆ యజమాని వాడికే ఫోన్ చేశాడు. మా మొదటి నాకౌట్ ఆట అయిన మంగళవారం వచ్చి కలవమన్నాడు, ఆ ఆట చూడ్డానికి తనే టొలీడో వస్తానన్నాడు.

ఆ కబురు చెప్పడానికి ఎర్నీ నా బల్ల దగ్గరికి వచ్చాడు. యాభై రెండేళ్ల మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నా పెన్సిళ్లన్నీ వరసగా సర్దాడు.

"నాకిది కావాలి వాల్ట్. మా వీధిలోవాళ్లు ఇంకా అసిస్టెంటేనా ఎర్నీ అంటారు, నవ్వి ఊరుకుంటా. మా నాన్న పోయేదాకా అదే అడిగాడు. ఇంక మళ్లీ ఎవరూ పిలవరు నన్ను. నీ దగ్గర ఫైలుందిగా, ఓసారి చూడనీ, ఎలా రాయాలో తెలుస్తుంది."

అటక మీద ఎక్కడో ఉంది, వెతకాలి అన్నాను. అది నా బల్ల సొరుగులోనే ఉంది, నా మోకాలికి తగులుతూ ఉంది. వాడు పాత మార్కుల కాగితాల వెనక వైపు తనకు తోచింది రాసుకున్నాడు.

ఇప్పుడు ఓటిస్ సంగతి. నీ పుస్తకంలో నీ గురించే రాస్తున్నాను ఓటిస్, తప్పదు. అతను ఎర్నీ ఐదుగురిలో ఎడమ గార్డ్, అంటే నడిమివాడికి ఎడమ పక్కన నిలబడేవాడు. అప్పటికి ముప్ఫై నాలుగేళ్లు, పదకొండేళ్లుగా ఆడుతున్నాడు, ఒక్క ఏడాది కూడా అతని జట్టు నాకౌట్ దాకా రాలేదు. ఆ ఏడాది వచ్చింది. కానీ నవంబరు నుంచి అతని నడుం పోయింది. చలి రోజుల్లో బిగుసుకుపోయి బూట్ల లేసులు కూడా కట్టుకోలేకపోయేవాడు.

నవంబరులోనే ఒక రోజు ప్రాక్టీసులో డేల్ హబార్డ్ నా దగ్గరికి వచ్చాడు. నా నలుగురిలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఆడే కుర్రాడు, తెలివైనవాడు. ఓటిస్ చెయ్యి చూడండి కోచ్ అన్నాడు. చూశాను. బంతి పట్టుకుని పరుగెత్తే ఎత్తు వెయ్యబోతుంటే ఓటిస్ వంగి ఐదు వేళ్లూ గడ్డిలోకి దించుతున్నాడు. బంతి విసిరే ఎత్తైతే మూడు వేళ్ల కొనలు ఆనిస్తున్నాడు. విసిరే ఎత్తులో వెంటనే వెనక్కి లేవాలి కదా, చేతి మీద బరువు వేస్తే ఆ నడుంతో లేవలేడు. పదిసార్లు చూశాను, పదిసార్లూ అంతే. ఎదురుగా నిలబడ్డవాడు ఆ చెయ్యి చూస్తే చాలు, రాబోయేది ఏమిటో ముందే తెలిసిపోతుంది. ఫిల్ములు స్టేడియం పైనుంచి తీస్తారు కాబట్టి వాటిలో వేళ్లు కనబడవు. రోజూ ఎదురుగా నిలబడే మావాళ్లకు తప్ప లోకంలో ఎవరికీ తెలిసే వీల్లేదు.

ఇలాంటిది కంటపడితే అదే రోజు ఆ కోచ్ చెవిన వెయ్యాలి. మాలో అది రాయని నియమం. నేను చెప్తాలే అని డేల్‌తో అన్నాను. చెప్పలేదు. మొదట్లో, ప్రాక్టీసులో నా నలుగురూ వాడి ఐదుగుర్ని చిత్తుగా తోసేస్తుంటే ఎర్నీ మొహం చూడ్డం బాగుండి చెప్పలేదు. రేపు చెప్తాను అనుకున్నాను. ఈలోగా ఒమాహా నుంచి ఫోన్ వచ్చింది. ఆ తర్వాత చెప్పకూడదనే చెప్పలేదు.

నాకౌట్ ఆటకు పది రోజుల ముందు, దెబ్బలు తగిలినవాళ్లు కోలుకుని రావడంతో డేల్‌ని జట్టులోంచి తీసేశారు. బుధవారం పొద్దున పేపర్లో మూలన ఒక్క వాక్యం ఉంది: సిరక్యూస్ జట్టు డేల్ హబార్డ్‌ని తీసుకుంది. ఆదివారం మేం ఆడాల్సింది సిరక్యూస్‌తోనే. ఎదుటి జట్టు వదిలేసిన మనిషిని ఆ వారమే ఎందుకు చేర్చుకుంటారో మావాళ్లలో తెలియనివాడు ఉండడు. ఆడించడానికి కాదు, కూచోబెట్టి అడగడానికి. గుడ్డు అలా వదిలేశావేం అంది లోర్నా. ఆకలి లేదన్నాను. గురువారం, శుక్రవారం, శనివారం ఎర్నీ నా పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. నేను నోరు కుట్టేసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఆటకు గంటన్నర ముందు గ్రౌండులోకి వెళ్లాను. అటువైపు సిరక్యూస్ కోటు వేసుకుని డేల్ కనిపించాడు. వాళ్ల కోచ్ పక్కన ఒక మోకాలి మీద వంగి ఉన్నాడు. మూడు వేళ్లు నేలకి ఆనించి చూపించాడు. లేచి మళ్లీ వంగి ఐదు వేళ్లూ దించాడు. ఆ కోచ్ తల ఊపాడు.

ఇటువైపు, నాకు నలభై అడుగుల్లో, ఎర్నీ మోకాళ్ల మీద కూచుని ఓటిస్ బూట్ల లేసులు కడుతున్నాడు. అంతే దూరం. నడిచి వెళ్లి చెవిలో రెండు ముక్కలు చెబితే చాలు. వాడు ఏదో ఒకటి చేసుకునేవాడు. వాడు పోగొట్టుకోబోయేది ఏమిటో నాకు తెలుసు. వాడి నాన్న సంగతి కూడా నాకు చెప్పాడు కదా. నేను టోపీ సర్దుకుని నా నలుగురి దగ్గరికి పోయాను.

మొదటి సగంలోనే మా బంతి విసిరేవాణ్ణి నాలుగుసార్లు నేలకేసి కొట్టారు. నాలుగుసార్లూ ఓటిస్ పక్కనుంచే వచ్చారు. పరుగు ఎత్తులు మొదలవకముందే ఆగిపోయాయి. ఒమాహా యజమాని పైన గాజు గదిలో కూచుని ఇదంతా చూస్తున్నాడు. విరామానికి వాళ్లకి ఇరవై మూడు పాయింట్లు, మాకు మూడు. నాకు సంతోషం వేసిందని ఇక్కడ రాయకపోతే ఈ నాలుగు పేజీలు ఎందుకు? వేసింది. లోపల్నుంచి పొంగుకొచ్చింది. విరామంలో ఎర్నీ మళ్లీ ఓటిస్ ముందు మోకాళ్ల మీద కూచుని ఏదో చెప్తున్నాడు. అతని నడుం చుట్టూ వేడినీళ్ల తువ్వాళ్లు కట్టారు.

రెండో సగంలో ఓటిస్ ప్రతి ఎత్తులోనూ ఐదు వేళ్లూ దించాడు. పరుగైనా దించాడు, విసిరేదైనా దించాడు. సిరక్యూస్ వాళ్లకు ఏమీ తెలియలేదు. ఒక్కో ఎత్తు అయ్యాక పక్కకు వంగిపోయి నడిచేవాడు, మళ్లీ వచ్చి వంగేవాడు. అతని మీదుగా ఇంక ఒక్కడు కూడా రాలేదు. మేం పదిహేడు సాధించి ఇరవై దగ్గర ఆగిపోయాం. మూడు పాయింట్లతో ఓడిపోయాం. ఓటిస్ మళ్లీ ఎన్నడూ ఆడలేదు. ఇప్పుడు చేతికర్ర లేకుండా నడవలేడు.

సోమవారం ఒమాహా వాళ్లు ఎర్నీకి ఫోన్ చేసి రానక్కర్లేదన్నారు. తన ఐదుగుర్నీ నిలబెట్టుకోలేనివాడు జట్టుని ఏం నిలబెడతాడని అన్నారట. గురువారం నాకు ఫోన్ చేశారు. ఆ ఆటలో నా నలుగురూ బాగా ఆడారు మరి. సొరుగులోంచి ఫైలు తీసుకుని వెళ్లాను. ఉద్యోగం ఇచ్చారు.

రెండేళ్లలో ముప్ఫై రెండు ఆటలు, గెలిచినవి ఏడు. పంపేశారు. వెళ్లేరోజు మా ఇంటి ముందు ఏ లారీ ఆగలేదు. తర్వాత ఇంకో రెండు ఊళ్లలో మళ్లీ అసిస్టెంటుగా చేసి, విసుగొచ్చి మానేశాను. ఎర్నీ టొలీడోలోనే తొంభై తొమ్మిది దాకా ఆ ఐదుగురి కోచ్‌గానే ఉన్నాడు. వాడు చెప్పింది నిజమే, మళ్లీ వాణ్ణి ఎవరూ పిలవలేదు.

ఈ రాతకు తేదీలు కావలసి వచ్చి మొన్న మే నెలలో వాడింటికి వెళ్లాను. రోజ్‌మేరీ మధ్యాహ్నం భోజనానికి ఉండాల్సిందేనంది. ఏం వండిందో చెప్పక్కర్లేదు. నలభై ఏళ్ల కిందట వాసన మాత్రమే చూసిన ఆ క్యాబేజీ చుట్టలు మొదటిసారి నా కంచంలో పడ్డాయి. తేదీలన్నీ ఇందులో ఉన్నాయి చూసుకోమని ఎర్నీ కింద గదిలోంచి అట్టపెట్టెలు మోసుకొచ్చాడు. ముప్ఫై అయిదేళ్ల మార్కుల కాగితాలు. నా చెయ్యి తిన్నగా తొంభై ఒకటి జనవరి దగ్గరికి పోయింది.

ఆ కాగితంలో ఓటిస్ వరస, రెండో సగమంతా, మొదట్నుంచి చివరి దాకా ప్లస్సులు. ఆరో వరసలో, జుహాస్ పేరు ముందు, ఆట మొదలైనప్పట్నుంచీ ముగిసేదాకా ఒక్కటి కూడా వదలకుండా అన్నీ మైనస్‌లే.

చెంచా కింద పెట్టాను. పద్నాలుగేళ్లుగా లోర్నాకి కూడా చెప్పనిది అక్కడ బయటపెట్టాను. ఓటిస్ వేళ్ల సంగతి నవంబరులోనే తెలుసని, డేల్‌ని ఆ పూట చూశానని, నలభై అడుగులు నడవలేదని, ఎందుకు నడవలేదో అదీ చెప్పాను. ఫైలు సొరుగులోనే ఉందని కూడా చెప్పాను. వాడు తినడం ఆపలేదు.

"తెలుసు," అన్నాడు. "వేళ్ల సంగతి నీకంటే ముందే చూశా. నా పిల్లాడి చెయ్యి నాకు తెలీదా? డేల్‌నీ చూశా, లేసులు కడుతూ. అట్నుంచి ఇటు తిరిగితే నువ్వు కనబడ్డావ్. టోపీ సర్దుకున్నావ్."

"తెలిస్తే ఓటిస్‌ని కూచోబెట్టాల్సింది కదా."

"వాణ్ణే అడిగా. వాళ్లకి తెలిసిపోయిందిరా, ఆడతావా, కూచుంటావా అని. పదకొండేళ్లు కోచ్, ఈ ఒక్కటీ ఆడనీ అన్నాడు. ఆడించా. అందుకే ఆ మైనస్‌లు. ఆటంతా నాదే తప్పు, జట్టుకి నేను చేసింది తప్పే."

"ఒమాహా పోతుందని తెలీలేదా?"

"తెలీకేం. రెణ్ణెల్లు నిన్ను తల్చుకుంటే ఒళ్లు మండిపోయింది నాకు. తర్వాత తగ్గింది."

నాకు తగ్గలేదు. పద్నాలుగేళ్లు మోశాను ఆ పాపాన్ని. వాడి బతుకు నేనే పాడుచేశానని ఎన్నో ఆదివారాలు టీవీ కట్టేసి కూచున్నాను. నాకంటూ మిగిలింది అదొక్కటే. వాడు దాన్ని కూడా ఎప్పుడో తీసుకుని తన వరసలో వేసేసుకున్నాడు. వాణ్ణి చూస్తే మళ్లీ కడుపు మండింది, అరవై ఏడేళ్ల వయసులో, వాడి బల్ల దగ్గర, వాడి అన్నం తింటూ.

కాగితం వాడి ముందుకు తోశాను. ఆరో వరస కింద ఇంకో గీత గియ్యి, నా పేరు రాయి, ఒక్క మైనస్ వెయ్యి అన్నాను. నలభై అడుగులకి ఒక్కటి. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. రోజ్‌మేరీ వంటింట్లోంచి తొంగి చూసింది.

ఎర్నీ చెవి వెనకనుంచి పెన్సిలు తీశాడు. కాగితం కింద మిగిలిన ఖాళీ వైపు కాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు, జాలిగానే.

"నువ్వు నా లైన్‌లో లేవు కదా వాల్ట్," అన్నాడు. "నావాళ్లకే వేస్తాను."

పెన్సిలు మళ్లీ చెవి వెనక పెట్టుకుని, గిన్నె నా వైపు జరిపి, చల్లారిపోతున్నాయి తినమన్నాడు.